చార్మినార్ ముందు అంటే ఎటువైపు?

మా మేడం పోయారని నాకు చెప్పింది ఖాలా. గురువారం మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోన్ మోగింది. ఖాలా ఎప్పుడూ ముందు నా క్షేమం, మా బాపు క్షేమం, ఇంట్లో ఏం కూర వండామో కనుక్కున్నాకే అసలు మాటకు వస్తుంది. ఆ రోజు మాత్రం నేను హలో అనగానే, "బేటీ, మీ మేడం పోయింది" అంది. "చాయ్ తీస్కపోయి లేపిన. లేస్తలేదు. నిద్రలనే పోయింది. తక్లీఫ్ ఏం పడలే." తర్వాత ఫోన్ పెట్టేయలేదు. ఆమె ఇంటి ముందు వీధిలో ఎవరో పాత ఇనుము కొంటామని కేకేసుకుంటూ పోవడం నాకు చాలాసేపు వినిపించింది.

ఖాలా అంటే పిన్ని. మేడం ఉండే ఇంటి యజమానురాలిని నేను అలా పిలుస్తాను, మేడం బేగంగారూ అనేవారు. శాలిబండలో ఒక ఇరుకు గల్లీలో పాత ఇల్లు. కింద ఖాలా, పైన మేడం. మర్నాడు పొద్దున బందరు నుంచి మేడం తమ్ముడుగారు వచ్చారు. పురానాపూల్ దగ్గర శ్మశానంలో ఆయనే నిప్పు పెట్టారు. ఇంటి దగ్గర పాడె ఎత్తుతున్నప్పుడు ఖాలా మెట్ల కింద గోడకు ఆనుకొని నిలబడింది. ఏడవలేదు. మోస్తున్న వాళ్లతో, "జర మెల్లగ. ఆఖరి మెట్టు ఎత్తు ఎక్కువుంటది. ఆమెకు ఆడనే భయం" అంది. మోసేవాళ్లు నిజంగానే అక్కడ ఆగి, అడుగు చూసుకొని దిగారు.

మేడం గురించి పేపర్లో రాదు. ఆవిడకు అంత పేరు లేదు. అందుకే నేను రాస్తున్నాను. లో, మీద, కింద, పక్కన, ముందు, వెనక అనే చిన్న మాటలు మనం రోజూ ఎన్నిసార్లు వాడతామో మనకే తెలియదు. వాటిని యంత్రానికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలన్నదే ఆవిడ జీవితమంతా చేసిన పని. ఒక్కో మాటకూ షరతులు రాసేవారు. ఏ షరతులు కుదిరితే 'మీద' అనాలి, ఏది తప్పితే 'పైన' అనాలి, ఇలా. మనిషీ యంత్రమూ ఒకే మాటతో ఒకే చోటును తలచుకోవాలి. ఆవిడ కోరుకున్నది అంతే.

నేను ఆవిడను మొదట చూసింది ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో. తలలో పసుపు చామంతి పెట్టుకొని క్లాసులోకి వచ్చారు. "ఈ పువ్వు ఎక్కడుందర్రా?" అని అడిగారు.

"తలలో" అన్నాం అందరం.

"బావుంది. ఒక వస్తువు ఇంకోదాని లోపల ఇమిడి ఉంటే 'లో' అనాలని కంప్యూటర్‌కు నిన్న నేర్పాను. ఇప్పుడు 'తలలో పువ్వు' బొమ్మ గీయమందాం" అంటూ మీట నొక్కారు. తెర మీద ఒక మనిషి తల వచ్చింది. పుర్రె లోపల, మెదడు ఉండాల్సిన చోట, చామంతి పువ్వు ఉంది. క్లాసంతా బల్లలు చరిచి మరీ నవ్వింది. ఆవిడ నవ్వులు తగ్గేదాకా ఆగారు.

"పాపం, దాని తప్పేముంది? మనం చెప్పిందే చేసింది. చెప్పకుండా వదిలేసిందంతా మనకి తెలుసు, దానికి తెలీదు."

ఆ రోజు బోర్డు నిండా అలాంటి మాటలే. గోడ మీద బల్లి, గోడకు మేకు. బస్సులో వెళతాం కానీ బండి మీద వెళతాం. వానలో తడుస్తాం, మరి వానకు మూతేదీ? పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న నా భాషను నేను మొదటిసారి పక్కకు నిలబడి చూసినట్టు అనిపించింది.

తర్వాత ఆవిడ నన్ను లేపి, మీ ఇంటి పక్కన ఏముంటుందని అడిగారు. మాది చార్మినార్ దగ్గర ఇత్తడి సామాన్ల దుకాణం. మూడు తరాలుగా అక్కడే ఉన్నాం. "మా ఇంటి బాజుల అత్తరు దుకాణం ఉంటది మేడం" అన్నాను. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కాలేజీలో నేను నోరు తెరిస్తే ఆ చప్పుడు రావడం నాకు అలవాటే. మేడం ఆ చప్పుడును పట్టించుకోలేదు. "బాజుల అన్నావు. పక్కన అనలేదు. రెండూ ఒకటేనా, తేడా ఏమన్నా ఉందా?" అని అడిగారు.

నేను ఆలోచించాను. "బాజుల అంటే ఆనుకొని ఉన్నట్టు మేడం. మాకూ వాళ్లకూ గోడ ఒక్కటే. పక్కన అంటే నడుమ జర సందు ఉండొచ్చు."

అది భాషలో ఉన్న తేడానో, మా ఇంటి వరకే ఉన్న తేడానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడ మాత్రం బోర్డు మీద 'పక్కన' అనే మాట ఎంత పెద్దగా రాశారో 'బాజుల' అనే మాటనూ అంతే పెద్దగా రాశారు. దాని కింద ఖాళీ వదిలి, "దీనికి షరతులు నువ్వు రాసుకురా" అన్నారు. ఆ తర్వాత నేను ఇంకో గురువును వెతుక్కోలేదు.

రిటైరయ్యాక ఆవిడ ఊరి కొత్త వైపు ఉన్న ఇల్లు వదిలేసి శాలిబండకు మారారు. ఆవిడ తండ్రి ప్రభుత్వ ఉద్యోగం మీద బందరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. పాతబస్తీలో ఏముందని వెళతావని అందరూ అడిగారట. "ఇక్కడ ఇంటి నంబరు ఎవరూ అడగరమ్మాయ్. ముందేముంది, వెనకేముంది అని అడుగుతారు. నాకు కావలసింది అదేగా" అని నాతో అన్నారు.

వచ్చిన కొన్నాళ్లకే ఆ ఇంట్లో పెద్ద కష్టం వచ్చింది. ఖాలా భర్తకు పొద్దున్నే గుండెనొప్పి వచ్చింది. ఖాలా ఆయన తలను ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే మేడమే అంబులెన్స్‌కు చేశారు. "మసీదు వెనక గల్లీ" అని చెప్పారు. ఆ మసీదుకు రెండు దర్వాజాలు. మేడం రోజూ చూసే దర్వాజా ఒకటి, డ్రైవరుకు తెలిసినది ఇంకొకటి. అతను తనకు తెలిసిన దర్వాజాను బట్టి వెనక అనుకున్న గల్లీలో బండి ఆపి వెతికాడు. బండి ఇంటికి చేరేసరికి ఖాలా భర్త పోయారు. ముందే వచ్చినా దక్కేవారని చెప్పలేమని డాక్టరు అన్నారు. ఖాలా కూడా ఒక్క మాట అనలేదు. పైగా మేడం అన్నం మానేసి కూర్చుంటే తనే పైకి వెళ్లి, "మీరు సహీ చెప్పిన్రు. డ్రైవర్ సహీ విన్నడు. గంతే రాసి ఉంది" అందట.

మేడంకు ఆ మాట సరిపోలేదు. "ఇద్దరం సరిగ్గానే ఉన్నాం బేగంగారూ. మధ్యలో ఉన్న మాటే సరిగ్గా లేదు" అన్నారట.

అప్పుడే నన్ను పిలిపించారు. అప్పటికి నా చదువు అయిపోయింది. చార్మినార్ దగ్గర కలుద్దామన్నారు. నేను పత్తర్‌గట్టీ వైపు నుంచి వెళ్లి ఫోన్ చేశాను.

"యాడున్నరు మేడం?"

"చార్మినార్ ముందే ఉన్నానమ్మాయ్. నువ్వో?"

"నేను గూడ ముందటనే ఉన్న."

"మరి కనపడవేం?"

జనంలో ఇద్దరం మెడలు సాచి వెతుక్కున్నాం. చివరికి ఆవిడే చుట్టూ తిరిగి వచ్చారు. ఆవిడ శాలిబండ వైపు నిలబడ్డారు, నేను దానికి ఎదురు దిక్కున, పత్తర్‌గట్టీ వైపు. ఆవిడ ఆయాసపడుతూనే తల పైకెత్తి కట్టడాన్ని చూసి, గట్టిగా నవ్వారు. "నాలుగు వైపులా ఒకటే మొహం! దీనికి ముందు లేదమ్మాయ్. ఎవరు ఎటు నుంచి వస్తే వాళ్ల ముందు అది." వెంటనే నవ్వు ఆగిపోయింది. "ఆ మసీదూ అంతే" అన్నారు.

అంబులెన్స్‌కు ఫోన్ చేసినవాళ్లు కంగారులో చెప్పే దారిని యంత్రం విని, డ్రైవరుకు సరిగ్గా అందించాలి. ఆవిడ మొదలుపెట్టిన పని అది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సాయం చేస్తామంది. నేను జీతానికి చేరాను. పాతబస్తీ అంతా తిరిగి, మనుషులు దారి ఎలా చెబుతారో రికార్డు చేశాం. మొదట మా బాపునే అడిగాం. ఇత్తడి బిందెల మధ్య కూర్చొని బాపు, "సీదా పోండ్రి. కమాన్ కింద నుంచి దాటినంక మళ్లీ ఎవర్నన్న అడగండ్రి" అన్నాడు. నేను నవ్వి రికార్డు ఆపబోయాను. మేడం నా చేయి పట్టుకున్నారు. "ఆపకు. ఎవరినైనా అడగండి అన్నది కూడా దారే. అక్కడిదాకా తెలుసు, ఆ తర్వాత తెలీదని ఎంత నిజాయితీగా చెప్పారు!" బాపుకు ఏం అర్థమైందో ఏమో, ఆవిడ ఎప్పుడు వచ్చినా రెండు చాయ్‌లు తెప్పించేవాడు.

ఆ తిరుగుళ్లలోంచి వచ్చిన మొదటి షరతు ఒక ప్రశ్న. ఎవరైనా ముందు అనో వెనక అనో అంటే యంత్రం ఊహించుకోకూడదు. "మీరు ఎక్కడ నిలబడి చెబుతున్నారు?" అని అడగాలి. కంపెనీ అధికారికి అది నచ్చలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. మేడం అంటే గౌరవమే.

"ఫోన్ చేసేవాళ్లు టెన్షన్‌లో ఉంటారు మేడం. ఎదురు ప్రశ్న వేస్తే చిరాకు పడతారు. చాలాసార్లు మన అంచనా కరెక్టే అవుతుంది కదా?"

"చాలాసార్లు అవుతుందండీ. ఆ అంచనా తప్పినవాళ్ల ఇంట్లో నేను అద్దెకుంటున్నాను" అన్నారు మేడం.

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. ఆవిడ విడమరచి చెప్పలేదు. తర్వాత మాట్లాడదామని లేచాం. ఆ తర్వాతి సమావేశం లోపే ఆవిడకు పక్షవాతం వచ్చింది.

ఎడమ చెయ్యి, ఎడమ కాలు కొంత బలహీనపడ్డాయి. కర్ర పట్టుకొని నడిచేవారు. అసలు నష్టం అది కాదు. ఆవిడ ప్రపంచంలో ఎడమవైపు లేకుండా పోయింది. కళ్లు బాగానే ఉన్నాయి. మెదడు మాత్రం అటువైపు సంగతి పట్టించుకోవడం మానేసింది. ఇలా కొందరికి జరుగుతుందని డాక్టర్లు చెప్పారు. ఆ సంగతి నాకు అన్నం పళ్లెం దగ్గర అర్థమైంది. ఆవిడ పళ్లెంలో కుడి సగం తినేసి, "బేగంగారూ, ఇవాళ పెరుగు వెయ్యలేదేం?" అన్నారు. పెరుగన్నం ఎడమ సగంలో అలాగే ఉంది. ఖాలా నావైపు చూసి, పళ్లెం తిప్పింది. మేడం ఉలిక్కిపడ్డారు.

"ఎక్కణ్ణుంచి వచ్చిందిది?"

"గీడనే ఉండె మేడం. ఎడమ దిక్కు" అన్నాను.

ఆవిడ చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. "ఎడమ ఎటో నాకు తెలుసు. పైన ఎటో, ముందు ఎటో తెలిస్తే ఎడమ ఎటో లెక్క కట్టొచ్చు. నేనే రాశాను కదా ఆ షరతు. ఇప్పుడు కూడా అప్పజెప్పగలను. కానీ అటు చూడాలని నాకు తోచదమ్మాయ్. అక్కడ ఏదో తక్కువైందని కూడా తోచదు" అన్నారు. ఆవిడ ఏడవడం నేను అప్పుడే చూశాను. ఖాలా తన కొంగుతో ఆవిడ మూతి తుడిచి, మిగిలిన పెరుగన్నం తనే తినిపించింది.

తర్వాత కొన్ని వారాలు మేడం పని ఊసెత్తలేదు. నేను వెళితే గోడవైపు తిరిగి పడుకునేవారు. కసరత్తులు చేయించడానికి వచ్చే అమ్మాయి, ఎడమవైపు ఎర్రగా కొట్టొచ్చినట్టు కనిపించేదో, చప్పుడు చేసేదో ఉంటే మనసు అటు మళ్లుతుందని చెప్పింది. ఖాలా ఆ సాయంత్రమే లాడ్ బజార్‌కు వెళ్లి ఎర్ర గాజులు తెచ్చింది. మేడం చేతికి గాజులు ఉండగా మేమెవరమూ చూడలేదు.

"ఈ వయసులో నాకివేంటి బేగంగారూ?"

"షౌకుకు కాదు మేడం. మీ చెయ్యి తప్పిపోకుంట."

సబ్బు నురగ రాసి, ఎడమ చేతి ఒక్కో వేలూ నొక్కి, మెల్లగా ఎక్కించింది. మేడం ఆ చేతిని కుడిచేత్తో ఎత్తి ఆడించారు. గల్లుమంది. మళ్లీ ఆడించారు. కాసేపటికి నావైపు తిరిగి, "కాగితం తీసుకో అమ్మాయ్" అన్నారు. ఆ మాట విని ఎంత కాలమైందో!

అలా వచ్చింది రెండో షరతు. యంత్రం ఎవరికీ ఒట్టి ఎడమ అనీ కుడి అనీ చెప్పకూడదు. కంటికి కనిపించేదో చెవికి వినిపించేదో ఒకటి దానికి జోడించాలి. "ఎడమకి, రొట్టెల బట్టీ ఉన్న దిక్కుకి" అని చెప్పాలి.

ఆ షరతుతో కంపెనీకి వెళ్లాం. ఆవిడ కర్ర పట్టుకొని వచ్చి కూర్చున్నారు. అధికారి తెలియక ఆవిడకు ఎడమ పక్క కుర్చీలో కూర్చొని నమస్కారం పెట్టారు. ఆవిడ ఆయన గొంతు విని, కుడివైపే వెతుకుతున్నారు. నేను కంగారుపడి ఆయనను ఇటువైపు రమ్మని సైగ చేశాను. మేడంకు తెలిసిపోయింది.

"వద్దు, ఆయన్ని అక్కడే ఉండనీ" అన్నారు. తర్వాత ఆయనను అడిగారు. "మీ సందేహం చెప్పండి."

"ఇది కూడా పెడితే మిషన్ మాట పొడుగైపోతుంది మేడం. ఎడమ, కుడి తెలియనివాళ్లు ఎంతమంది ఉంటారు?"

"ఒకరు మీ పక్కనే కూర్చున్నారు" అన్నారు మేడం. "అమ్మాయ్, ఈయన ఎక్కడున్నారో నాకు చెప్పు. ఎడమ అనకుండా చెప్పు."

నేను గది నాలుగు వైపులా చూశాను. "కిటికీ దిక్కు మేడం. ఏసీ గాలి వస్తున్న దిక్కు. ఆ చల్లదనం పట్టుకొని రండి" అన్నాను.

ఆవిడ మొహం మెల్లగా తిరిగింది. మధ్యలో ఒకసారి ఆగింది. చెంపకు గాలి తగిలినట్టుంది, మళ్లీ కదిలింది. కిటికీ దొరికింది. కిటికీ కింద ఆయన దొరికారు. "ఆఁ, కనిపించారండీ. నమస్కారం" అన్నారు.

ఆయన ముందున్న కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత, "రెండూ పెడదాం మేడం. ప్రశ్న కూడా" అన్నారు.

దాంతో ఊరేమీ మారిపోలేదు. మొదట్లో డ్రైవర్లు ఈ మిషన్ ముచ్చట్లు ఎక్కువ చెబుతోందని విసుక్కున్నారు. తప్పులు వచ్చాయి, దిద్దాం, ఇంకా దిద్దుతూనే ఉన్నాం. కానీ ఒక మధ్యాహ్నం శాలిబండలో ఆ గల్లీలోనే ఒక ముసలాయనకు ఊపిరాడలేదు. ఇంట్లోవాళ్లు 'మసీదు వెనక' అనే చెప్పారు. యంత్రం మీరు ఎక్కడ నిలబడి ఉన్నారని అడిగింది. అంబులెన్స్ ఇంకో గల్లీలోకి తిరగకుండా నేరుగా వచ్చి వాళ్ల గుమ్మంలో ఆగింది. ఖాలా అప్పుడు తలుపు దగ్గర బియ్యం ఏరుతోందట. చేట అక్కడే పెట్టి, మోకాళ్ల నొప్పితోనే మెట్లెక్కి పైకి వెళ్లింది.

"మేడం, బండి సీదా వచ్చింది. జర గూడ తిరగలే" అంది.

మేడం మంచం మీద కొంచెం జరిగి చోటు ఇచ్చారట. ఇద్దరూ సాయంత్రం దాకా అలాగే కూర్చున్నారట. ఈ సంగతి నాకు ఖాలానే చెప్పింది, అదీ మొన్న, దహనం నుంచి వచ్చాక.

పోయేముందు నెలలో మేడం జామకాయలు తినాలని ఉందన్నారు. బార్కస్ జామకాయలే కావాలన్నారు. ఆటోలో తీసుకెళ్లాను. ఆవిడ పడిపోకుండా నేను ఎడమ పక్కన కూర్చున్నాను. దారంతా ఆవిడ కుడివైపు దుకాణాలు చూస్తూ, బోర్డుల మీది పేర్లు పైకి చదువుతూ వచ్చారు. బార్కస్ దగ్గర ఆటో నెమ్మదించింది. నేను డ్రైవరుతో ఎక్కడ ఆపాలో మాట్లాడుతున్నాను.

"అవిగో!" అన్నారు మేడం.

నా భుజం మీదుగా ఎడమవైపు చూస్తున్నారు. ఎవరూ చెప్పలేదు, ఏ చప్పుడూ రాలేదు. అటు రోడ్డు వారన జామకాయల బండ్లు వరసగా ఉన్నాయి. కాయల మీద అప్పుడే నీళ్లు చల్లినట్టున్నారు, ఎండకు మెరుస్తున్నాయి. నేను సీటుకు వెనక్కి ఒరిగాను, ఆవిడకు అడ్డం రాకుండా. ఆటో మెల్లగా కదులుతూ ఉంది. ఆవిడ ఒక్కో బండినీ చూస్తున్నారు, తలమీది కొంగు గాలికి జారిపోయినా సర్దుకోకుండా, వరస అయిపోయేదాకా.